గుడ్లు పెట్టాయి, పిల్లలు కాలేదు: చేపల హ్యాచరీ ప్రశ్నలకు జవాబులు

తొలకరి పడిందంటే నా ఫోన్ తెల్లవారుజామున నాలుగున్నరకే మోగడం మొదలవుతుంది. ఆనందపురం నుంచో, సబ్బవరం నుంచో, పద్మనాభం అవతల నుంచో ఎవరో ఒకరు. "సార్, గుడ్లు తెల్లబడిపోయాయి, ఏం చెయ్యమంటారు?" ఏటా మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్నలు అవే. విశాఖ చుట్టుపక్కల చిన్న హ్యాచరీలు నడిపేవాళ్ల కోసం ఆ ప్రశ్నలన్నీ పని జరిగే వరసలో ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, ఏ జవాబుకి ఆ జవాబే చాలు. వేరే చేప పేరు చెప్పని చోటల్లా లెక్కలు శీలావతి, బొచ్చె, ఎర్రమోసులవి.

## ముందు లెక్క తేల్చుకోవడం

పది లక్షల గుడ్లు పెడితే ఐదు లక్షల పిల్లలు కూడా రాలేదు. ఏ మందు వెయ్యాలి?

మందు సంగతి తర్వాత. ఆ ఐదు లక్షలు ఏ గంటలో పోయాయో ముందు తెలియాలి. చాలామంది గుడ్లను రెండుసార్లే చూస్తారు, పెట్టినప్పుడు ఒకసారి, పిల్లలయ్యాక ఒకసారి. మధ్యలో చూడాల్సిన చూపు ఒకటి ఉంది.

గుడ్లు పెట్టిన నాలుగైదు గంటలకు తొట్టిలో మూడు చోట్ల మగ్గు ముంచి తీయండి. నల్లటి పళ్లెంలో పోసి నూరు గుడ్లు లెక్కపెట్టండి. నేను పాత పెయింట్ డబ్బా నల్ల మూత వాడతాను. తెల్ల పళ్లెంలో తెల్ల గుడ్డు కంటికి ఆనదు. గాజుపూసలా నిగనిగలాడుతూ లోపల చిన్న ముద్ద కనిపిస్తే అది ఫలదీకరణ జరిగిన గుడ్డు. విరిగిన పాలలా తెల్లగా ఉన్నది పనికిరానిది. నూటికి ఎన్ని మంచివో పలక మీద రాయండి. పిల్లలు బయటికొచ్చాక రెండో లెక్క రాయండి.

ఒక ఉదాహరణ. పది లక్షల గుడ్లలో ఫలదీకరణ అరవై శాతమే అనుకుందాం. అంటే తొట్టిలో బతికి ఉన్నవి ఆరు లక్షలు. వాటిలో తొంభై శాతం పిల్లలైతే 5 లక్షల 40 వేలు. యజమానికి మాత్రం 'సగమే పొదిగాయి' అనిపిస్తుంది, తొట్టిని తిడతాడు, మందులు పోస్తాడు. నిజానికి తొట్టి తన పని బాగానే చేసింది. పొరపాటు మగ చేపల దగ్గరో, గుడ్లు పెట్టించడానికి వేసే హార్మోన్ సూది దగ్గరో జరిగింది. అదే ఫలదీకరణ తొంభై ఉండి పిల్లలు యాభై శాతమే వస్తే, అప్పుడు నీళ్లు, వేడి, ఆక్సిజన్, నీటి వేగం చూడాలి. రెండూ వేర్వేరు జబ్బులు, ఒకే మందుతో నయం కావు.

ఎంత శాతం వస్తే బాగా వచ్చినట్టు?

నా కొలత ఇది: సీజన్ నడుమ, ఆరోగ్యమైన తల్లులతో ఫలదీకరణ 85–90, అందులో పిల్లలయ్యేవి 85–90 ఉంటే ఆ రాత్రి నిద్రపోవచ్చు. సీజన్ మొదట్లో, చివర్లో ఇంకాస్త తగ్గితే కంగారు పడను. డెబ్బైకి దిగితే మాత్రం తర్వాతి బ్యాచ్‌కి సూది వేసే ముందు కారణం వెతుకుతాను.

## తల్లి చేపలు

తల్లి చేపల మేత ఎప్పటి నుంచి చూసుకోవాలి?

సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. జూన్‌లో గుడ్లు కావాలంటే మేలో మేత పెంచితే లాభం లేదు. గుడ్డులోని సొన పిల్లకి తల్లి కట్టిచ్చిన చద్దిమూట. బయటికొచ్చాక కూడా మూడు రోజులు అదే తిండి. ఆ మూట బరువు నాలుగు నెలల ముందు నుంచి తల్లి తిన్నదాన్ని బట్టే ఉంటుంది.

తవుడు, వేరుశనగ చెక్క కలిపి పెట్టడం మన అలవాటు. అది చెడ్డది కాదు గానీ ఒక్కదానితో సరిపోదు. ప్రొటీన్ 25–30 శాతం ఉండేలా కాస్త చేపపొడి, ఖనిజాలు, విటమిన్లు కలపాలి. రోజుకి చేపల బరువులో 2–3 శాతం చాలు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, అంటే మనం 'సీఫా' అనేది, తల్లి చేపల కోసమే 'సీఫాబ్రూడ్' అని ప్రత్యేక మేత తయారు చేసింది. దొరికితే వాడి చూడండి. చెరువులో తల్లుల్ని కిక్కిరిసి ఉంచొద్దు, ఎకరాకు 600–800 కిలోలు మించకూడదు. మార్చి నుంచి వారానికోసారి కొంత పాత నీరు తీసి కొత్త నీరు పెట్టండి.

చేప సూదికి సిద్ధంగా ఉందో లేదో పొట్ట చూసి చెప్పొచ్చా?

పొట్ట ఒక్కటే చూస్తే మోసపోతారు. నిన్న మేత దిట్టంగా తిన్న బొచ్చె కూడా గుడ్ల మీదున్నట్టే కనిపిస్తుంది. అందుకే ఒక రోజు మేత ఆపి పట్టండి. ఆడ చేపకి పొట్ట మెత్తగా, సాగే రబ్బరులా ఉండి, మలద్వారం కాస్త ఉబ్బి గులాబీ రంగుకి తిరగాలి. మగ చేప రొమ్ము రెక్క లోపలి వైపు వేలితో రుద్దితే గరుకుగా, ఉప్పు కాగితంలా తగులుతుంది. పొట్ట మెల్లగా నొక్కితే చిక్కటి పాలు, అంటే వీర్యం, రావాలి. నీళ్లలా పల్చగా వస్తే ఆ మగాణ్ణి పక్కన పెట్టండి.

ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే సన్నని ప్లాస్టిక్ గొట్టంతో ఆడ చేప నుంచి పది పదిహేను గుడ్లు తీసి చూడాలి. అన్నీ ఒకే సైజులో ఉండి, దేనికది విడిపోతే మంచి గుర్తు. చిన్నా పెద్దా కలిసి, గుత్తులుగా అతుక్కుని ఉంటే ఇంకో వారం పది రోజులు ఆగాలి. ఆల్కహాల్, ఫార్మలిన్, అసిటిక్ ఆమ్లం 6:3:1 పాళ్లలో కలిపిన ద్రావణంలో వేస్తే గుడ్డు లోపల కేంద్రకం కనిపిస్తుంది. అది నడుమ నుంచి పక్కకి జరిగి ఉంటే సూదికి సిద్ధమైనట్టే.

పదేళ్లుగా మా చెరువు తల్లుల్నే తిప్పి తిప్పి వాడుతున్నాం. తప్పా?

తప్పే. పైకి కనిపించని తప్పు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సొంత పిల్లల్లోంచే తల్లుల్ని, వాటి పిల్లల్లోంచి మళ్లీ తల్లుల్ని ఎంచుకుంటూ పోతే రక్తసంబంధం దగ్గరైపోతుంది. ఏటేటా ఫలదీకరణ తగ్గుతుంది, వంకర పిల్లలు పెరుగుతాయి, ఎదుగుదల మందగిస్తుంది. కనీసం మగ చేపల్ని వేరే జిల్లా హ్యాచరీ నుంచి తెచ్చుకోండి. శీలావతిలో సీఫా వాళ్లు ఎంపిక పద్ధతిలో అభివృద్ధి చేసి 1997లో విడుదల చేసిన 'జయంతి' రకం ఉంది. ఇంకో మాట: బొచ్చెని, శీలావతిని ఒకే రాత్రి ఒకే బ్రీడింగ్ తొట్టిలో వదలొద్దు. ఒకదాని గుడ్లకి ఇంకోదాని పాలు తగిలి సంకర పిల్లలు పుడతాయి. రైతు ఆరు నెలలయ్యాక మీ ఇంటికొచ్చి అడుగుతాడు.

## సూది, గుడ్లు పెట్టించడం

రెండు సూదులా, ఒక్కటేనా? డోసు ఎంత?

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, కె.హెచ్. అలికున్హి కలిసి పీయూష గ్రంథి రసంతో మన దేశపు కార్పు చేపల చేత, అంటే శీలావతి, బొచ్చె లాంటి వాటి చేత, గుడ్లు పెట్టించారు. అందుకే ఆ తేదీని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నాం. ఆ రసంతో ఆడ చేపకి రెండు సూదులు పడేవి. ఇప్పుడు దొరికే ఓవాప్రిమ్ తరహా రెడీమేడ్ మందులకి ఒక్కటి చాలు.

కిలో బరువుకి ఆడ శీలావతికి 0.3–0.4 మిల్లీలీటర్లు, బొచ్చెకి 0.4–0.5, ఎర్రమోసుకి 0.25–0.3. మగ చేపకి దేనికైనా 0.1–0.2. కంపెనీని బట్టి తేడా ఉంటుంది, సీసా మీద రాసింది చదవండి. చేపని తూచాకే సిరంజిలోకి మందు తీయండి. కంటి అంచనాతో మూడు కిలోల చేపని నాలుగు అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. డోసు పెంచితే గుడ్లు పెరగవు. పక్వం కాని గుడ్లు బలవంతంగా బయటికొస్తాయి, అవి తెల్లవారేలోగా తెల్లబడతాయి.

సాయంత్రం ఆరింటికి సూది వేస్తే 28 డిగ్రీల దగ్గర రాత్రి రెండు, నాలుగు గంటల మధ్య గుడ్లు పడతాయి. రాత్రి చల్లదనం వాటికి మంచిది.

తెల్లారి చూస్తే గుడ్లన్నీ తెల్లగా ఉన్నాయి. ఎవరైనా నీళ్లలో ఏదైనా కలిపారా?

ఈ అనుమానం ప్రతి సీజన్‌లో ఒకరికైనా వస్తుంది. నీళ్లలో విషం ఉంటే ముందు తల్లి చేపలు తేలేవి. అవి బాగానే తిరుగుతుంటే పక్కింటివాణ్ణి వదిలేసి మగ చేపల్ని చూడండి.

ఒక ఏడాది జూలైలో నాకే జరిగింది. ఆర్డర్లు ఎక్కువై, పది రోజుల్లో అవే మగ చేపల్ని మూడోసారి సూదికి ఎక్కించాను. ఆడవి చక్కగా గుడ్లు పెట్టాయి. పొద్దున తొట్టి నిండా సగ్గుబియ్యం పాయసంలా ఉంది. ఆ మగవాటి పొట్ట నొక్కితే చుక్క కూడా రాలేదు. అప్పటి నుంచి మగవాటికి సన్నని రంగు దారం కట్టి, ఒకసారి వాడినదాన్ని నెల రోజులు ముట్టుకోను. బరువులో ఆడ, మగ సమానంగా ఉండాలి. మగవి చిన్నవైతే సంఖ్య పెంచండి. ఆ రాత్రి నీటి వేడి 32 దాటినా, తొట్టిలో నీరు కదలకుండా నిలిచిపోయినా ఇదే ఫలితం వస్తుంది.

చేత్తో నొక్కి గుడ్లు తీస్తే ఎక్కువ పిల్లలు వస్తాయా?

సమయం తెలిసిన చేయి అయితే వస్తాయి. గుడ్లు వదులైన గంటలోపు తీయాలి, లేటయ్యేకొద్దీ అవి లోపలే ముదిరిపోతాయి. పొట్ట మీద వేలు ఆనించగానే ధారగా రావాలి. పిండాల్సి వచ్చిందంటే ఇంకా టైం కాలేదు.

అసలు కిటుకు తడి లేకపోవడంలో ఉంది. చేపని పొడి తువ్వాలుతో తుడవండి. బేసిన్ పొడిగా ఉండాలి, మీ మోచేతుల నుంచి కారే చుక్క కూడా అందులో పడకూడదు. మగ పాలలోని కణాలు నీళ్లు తగిలిన క్షణం నుంచి నిమిషం, మహా అయితే రెండు నిమిషాలే ఈదుతాయి. గుడ్డు కూడా నీళ్లు తాగడం మొదలుపెట్టగానే కణం దూరే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. కాబట్టి ముందు గుడ్లు, వాటి మీద పాలు, కోడి ఈకతో మెల్లగా కలపడం. ఆ తర్వాతే నీళ్లు. రెండు నిమిషాలు కలిపి, నాలుగుసార్లు కడిగి తొట్టిలో వదలండి.

## నీళ్లు

బోరు నీళ్లు నేరుగా తొట్టిలోకి ఇవ్వొచ్చా?

వద్దు. బోరు నీరు అద్దంలా కనిపిస్తుంది గానీ అందులో ఆక్సిజన్ ఉండదు. కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, చాలా చోట్ల ఇనుము ఉంటుంది. ఇనుము ఉందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ దాకా వెళ్లక్కర్లేదు. తెల్ల బకెట్ నిండా నీళ్లు పట్టి రాత్రంతా మూత లేకుండా ఉంచండి. పొద్దున అడుగున తుప్పు రంగు మడ్డి, పైన నూనె తెట్టులాంటి పొర కనిపిస్తే ఇనుము ఉన్నట్టే. గాలి తగలగానే అది మడ్డిగా మారి గుడ్డు పెంకు మీద పేరుకుంటుంది. పిండానికి ఊపిరాడదు. బతికి బయటపడ్డ పిల్లకి మొప్పల్లో ఇరుక్కుంటుంది.

ఖర్చు తక్కువ పద్ధతి ఒకటి చెబుతాను. బోరు పైపుని ఎత్తులో పెట్టి, చిల్లుల రేకుల మీద అంచెలంచెలుగా పడేలా చేయండి. కింద కంకర, ఇసుక వేసిన తొట్టి, ఆ తర్వాత నిల్వ చెరువు. అక్కడ ఒక పూట ఎండా గాలీ తగిలాకే ఓవర్ హెడ్ ట్యాంకుకి ఎక్కించాలి. గుడ్ల తొట్టిలో ఆక్సిజన్ లీటరుకి 5 మిల్లీగ్రాములకి తగ్గకుండా, పీహెచ్ 7–8.5 మధ్య ఉండాలి. బయటికి పోయే నీటిలో కొలిస్తేనే నిజం తెలుస్తుంది. లోపలికొచ్చే నీరు ఎప్పుడూ బాగానే ఉంటుంది.

నగరంలో కుళాయి నీళ్లే ఉన్నాయి. క్లోరిన్ పోవాలంటే?

24 గంటలు గాలి కొట్టిస్తూ ఎండలో ఉంచితే చాలావరకు పోతుంది. తొందరుంటే సోడియం థయోసల్ఫేట్ వాడండి. ఒక పాలు క్లోరిన్‌కి సుమారు ఏడు పాళ్లు, అంటే 1 పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) క్లోరిన్ ఉన్న వెయ్యి లీటర్లకి 7 గ్రాములు. వేసిన తర్వాత క్లోరిన్ కిట్ చుక్కలతో పరీక్షించండి. పసుపు రంగు వస్తే ఇంకా ఉన్నట్టు.

మా దగ్గర మే, జూన్‌లో ట్యాంకు నీళ్లు కాలిపోతాయి. గుడ్లు ఎంత వేడి తట్టుకుంటాయి?

26 నుంచి 30 డిగ్రీల వరకు హాయిగా ఉంటాయి. ఆ వేడిలో 14–18 గంటలకి పిల్లలు బయటికొస్తాయి. 32 దాటితే పిల్లలు ఇంకా త్వరగా వస్తాయి, దాన్ని చూసి సంబరపడేవాళ్లున్నారు. త్వరగా వచ్చినవి వంకర తోకలతో, బలం లేకుండా ఉంటాయి. మూడో రోజుకి సగం మిగలవు.

విశాఖలో ఉక్కపోత వల్ల రాత్రి కూడా నీరు పెద్దగా చల్లబడదు. డాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంటే దాని మీద తాటాకు పందిరి వేయండి, పైపుకి తడి గోనె చుట్టండి. పగలు నింపిన నీళ్లు గుడ్లకి వాడకుండా, తెల్లవారుజామున నింపుకోండి. రెండో ప్రమాదం వాన. మధ్యాహ్నం మండిపోయి సాయంత్రం జడివాన పడితే తొట్టి నీరు గంటలో మూడు నాలుగు డిగ్రీలు పడిపోవచ్చు. గుడ్లకి నిలకడగా ఉన్న 31 కంటే ఈ ఊగిసలాటే ఎక్కువ కీడు. తొట్లకి పైకప్పు తప్పనిసరి.

గుడ్లు బాగా ఉబ్బి, టైం కాకముందే పగిలిపోతున్నాయి. ఎందుకు?

మూడు అనుమానాలు. మొదటిది, మరీ మెత్తని నీరు. సున్నం తక్కువున్న నీటిలో గుడ్డు అతిగా నీరు తాగి పెంకు పల్చబడుతుంది. కాఠిన్యం పరీక్షించి, 50 పీపీఎం కంటే తక్కువుంటే వేరే నీరు కలపండి. రెండోది, జెట్ వేగం. నీటి ధార నేరుగా గుడ్లకి కొట్టుకుంటుంటే పెంకు చిరుగుతుంది.

మూడోది ఎవరికీ తట్టదు. చెరువు నీటితో వచ్చే సైక్లాప్స్ పురుగులు పెంకుని కొరికేస్తాయి. గాజు గ్లాసులో తొట్టి నీళ్లు పట్టి టార్చి వెలుగులో చూడండి. కుదుపుతో గెంతుతూ వెళ్లే తెల్ల చుక్కలు కనిపిస్తే అవే. ఇన్‌లెట్‌కి సన్నని నైలాన్ గుడ్డ సంచి కట్టి, దాన్ని మూడు గంటలకోసారి ఉతకండి. ఉతకని సంచి నీటి వేగాన్ని చంపుతుంది.

## పొదిగే తొట్టి

ఒక తొట్టిలో ఎన్ని గుడ్లు వెయ్యొచ్చు?

ఘనపు మీటరుకి సుమారు ఏడు లక్షలు. మూడు మీటర్ల వ్యాసం, 90 సెంటీమీటర్ల నీటి లోతున్న గుండ్రటి తొట్టిలో మధ్య జల్లెడ చోటు తీసేస్తే 35–40 లక్షలు పడతాయి. కొత్తవాళ్లు మొదటి ఏడాది అందులో సగమే వేయండి. ఇరుకైతే ముందు పోయేది ఆక్సిజనే. గుడ్ల లెక్కకి, నీరు వడిసిన ఉబ్బిన గుడ్లు 50 మిల్లీలీటర్ల గ్లాసులో ఎన్ని పట్టాయో లెక్కపెట్టి హెచ్చించుకోండి. ఊరందరికీ ఒకటే అంకె చెల్లదు, గుడ్డు సైజు తల్లిని బట్టి, నీటిని బట్టి మారుతుంది.

నీటి వేగం ఎంత ఉంచాలి?

ఒకే వేగం రాత్రంతా ఉంచడమే చాలా చోట్ల జరిగే పొరపాటు. మొదటి పన్నెండు గంటలు ఒక్క గుడ్డు కూడా అడుగున కూర్చోనంత వేగం కావాలి. ఎసట్లో నూకలు పైకీ కిందికీ మెల్లగా తిరిగినట్టు తిరగాలి, సుడిలా పరిగెత్తకూడదు. పిల్లలు బయటికొస్తున్నప్పుడు వేగం తగ్గించండి. అప్పుడే పుట్టిన పిల్లకి ఎముక లేదు, ఈత లేదు, జల్లెడకి అతుక్కుని నలిగిపోతుంది. అన్నీ బయటికొచ్చాక మళ్లీ కొంచెం పెంచండి, లేకపోతే అడుగున కుప్పగా పడి ఊపిరాడక పోతాయి.

రాత్రి ఒక్కసారైనా టార్చి పట్టుకుని తొట్టి అడుగు చూడాలి. నీరు చిమ్మే డక్ మౌత్ జెట్ (బాతు ముక్కులాంటి గొట్టం) ఒక్కటి పూడిపోయినా దాని ముందు గుడ్లు చిన్న మెట్టలా పేరుకుంటాయి. ఆ మెట్ట తెల్లారేలోగా కుళ్లి మిగతావాటినీ పాడుచేస్తుంది.

కరెంటు పోతే గుడ్లు ఎంతసేపు ఆగుతాయి?

నీరు ఆగిన కాసేపటికే గుడ్లు అడుక్కి చేరతాయి. ఒకదాని మీద ఒకటి పడ్డాక కిందవాటికి అరగంట కూడా భద్రం కాదు. ఓవర్ హెడ్ ట్యాంకే మీ మొదటి జనరేటర్. లెక్క సులువు: సెకనుకి ఒక లీటరు వాడే తొట్టికి గంటకి 3,600 లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే మూడు గంటల లోపు. ట్యాంకు సగానికి దిగాక మోటారు వేసే అలవాటుంటే ఆ మూడు గంటలు గంటన్నరే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి అందరికీ గుర్తే. అంత దూరం వద్దు, ఆషాఢంలో గాలివానకి చెట్టు కొమ్మ తీగ మీద పడినా చాలు. జనరేటర్‌ని సూది వేసే రోజు మధ్యాహ్నమే పదిహేను నిమిషాలు నడిపి చూడండి. నాది ఒకసారి రాత్రి ఒంటిగంటకి స్టార్ట్ అయింది, ఇరవై నిమిషాలకి డీజిల్ అయిపోయింది. క్యాన్ తెచ్చేలోగా ముగ్గురం తొట్టిలో దిగి చేతులతో నీళ్లు తిప్పుతూ నిలబడ్డాం. బ్యాటరీతో నడిచే చిన్న ఏరేటర్ ఒకటి కొనిపెట్టుకోండి. పెద్ద ఖర్చు కాదు, టెన్షన్ తగ్గుతుంది.

గుడ్ల మీద దూదిలా బూజు పట్టింది. మలకైట్ గ్రీన్ వెయ్యమన్నారు, వెయ్యొచ్చా?

వద్దు. తినే చేపల్లో మలకైట్ గ్రీన్ వాడకం మన దేశంలో నిషేధం. అది ఒంట్లో నిలిచిపోయే విషం. ఎవరు సలహా ఇచ్చినా వినకండి.

ఆ బూజు పేరు శాప్రోలెగ్నియా. ముందు చచ్చిన గుడ్డు మీద మొలిచి, దారాలు చాచి పక్కనున్న బతికిన గుడ్డుని చుట్టేస్తుంది. శీలావతి, బొచ్చె గుడ్లకైతే 18 గంటల్లో పని అయిపోతుంది, బూజు పెరిగే వ్యవధే ఉండదు. వాటి మీద దూది కనిపించిందంటే తొట్టి ముందు బ్యాచ్ నుంచి కడగలేదని అర్థం. ఇంకా ఎక్కువసేపు పట్టే బంగారు తీగ, మార్పు అనే చేపల గుడ్లకే నిజమైన బెడద. వాటిలో తెల్లబడ్డవాటిని సైఫన్ పైపుతో రోజుకి రెండుసార్లు తీసేయడమే అన్నిటికంటే మంచి వైద్యం. అప్పటికీ ఆగకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ స్నానం ఉంది. వెచ్చని నీటి చేపల గుడ్లకి లీటరుకి 750–1,000 మిల్లీగ్రాములు, 15 నిమిషాలు, రోజుకోసారి. జాతిని బట్టి ఓర్పు మారుతుంది కాబట్టి ముందు ఒక మగ్గు గుడ్ల మీద ప్రయత్నించి చూడండి. పిల్లలు బయటికొచ్చే వేళకి ఆపేయండి.

బంగారు తీగ గుడ్లు ముద్దలు కట్టేస్తున్నాయి. జిగురు ఎలా పోతుంది?

లీటరు నీటికి 4 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల యూరియా కలిపిన ద్రావణాన్ని, గుడ్లు పాలు కలిపిన వెంటనే కొద్దికొద్దిగా పోస్తూ గంటకి పైగా ఈకతో కలుపుతూ ఉండాలి. చివర్లో టానిక్ ఆమ్లం, లీటరుకి అర గ్రాము, కొన్ని సెకన్లు మాత్రమే ముంచి వెంటనే కడిగేయాలి. టానిక్ ఆమ్లం ఎక్కువసేపు ఉంటే పెంకు తోలులా గట్టిపడి పిల్ల బయటికి రాలేదు.

ఇదంతా ఎందుకనుకుంటే పాత పద్ధతే మేలు. గుర్రపుడెక్క వేళ్లు శుభ్రంగా కడిగి హాపాలో (నీళ్లలో కట్టే వలగుడ్డ తొట్టిలో) పరవండి, గుడ్లు వాటికే అతుక్కుంటాయి. ఒకే మొక్కకి మరీ గుత్తులుగా పట్టకుండా చూడండి, అంతే.

కొర్రమీను గుడ్లు అదే గుండ్రటి తొట్టిలో వేశాం, నాశనమయ్యాయి.

అవి తేలే గుడ్లు, నూనె చుక్క ఉంటుంది. అడుగున పడిపోతాయన్న బెంగ లేదు, వేగం అసలు వద్దు. లోతు తక్కువున్న టబ్బులో, నీడలో, బుడగలు వచ్చీ రానట్టు గాలి ఇస్తూ ఉంచండి. 28 డిగ్రీల దగ్గర సుమారు ఒక రోజులో పిల్లలవుతాయి. తెల్లబడ్డవాటిని టీ వడపోతతో తీసేయండి.

## పిల్లలు బయటికొచ్చాక

మొదటి రోజు నుంచే గుడ్డు సొన పెట్టమంటున్నారు, పెట్టాలా?

పెట్టొద్దు. పొట్ట కింద సొన సంచి ఉన్నంతవరకు, అంటే సుమారు మూడు రోజులు, వాటికి నోరే సరిగా తెరుచుకోదు. మీరు వేసింది నీళ్లలో కుళ్లుతుంది. ఈ మూడు రోజుల్లో చేయాల్సిన పని పెంకుల్ని వదిలించడం. పిల్లలొచ్చిన కొన్ని గంటల్లో పెంకులు కరిగి జల్లెడకి జిగురులా పట్టేస్తాయి. అప్పుడు నీరు పైకి పొర్లి పిల్లలు కాలవ పాలవుతాయి. ఆ రాత్రి గంటకోసారి మెత్తటి బ్రష్‌తో జల్లెడ తుడవాలి. నిద్ర ఉండదు, తప్పదు.

స్పాన్ లెక్క ఎలా? కొనేవాళ్లు నమ్మడం లేదు.

స్పాన్ అంటే అప్పుడే పుట్టిన చిట్టి పిల్లలు, మూడు రోజులవి మిల్లీలీటరుకి సుమారు 500 పడతాయి. వాళ్ల ఎదుటే చిన్న జల్లెడ గ్లాసు ఒకటి నింపి లెక్కపెట్టించండి. ఒక్కసారి చూస్తే తర్వాత అడగరు.

## ఉప్పునీటి చేపలు, మిగతావి

పండుగప్ప గుడ్లు కొన్నాం. మంచివో కావో ఎలా తెలుస్తుంది?

ఏరేషన్ ఐదు పది నిమిషాలు ఆపండి. మంచివి పైకి తేలతాయి, చచ్చినవి అడుక్కి దిగుతాయి. అడుగున ఉన్నవాటిని సైఫన్‌తో తీసేయండి. అయితే తేలాలంటే ఉప్పదనం 28–32 పీపీటీ (వెయ్యి పాళ్లకి అన్ని పాళ్లు ఉప్పు) ఉండాలి. వానలు తగ్గాక, అక్టోబరు నవంబరు నెలల్లో మన తీరం వెంబడి పైనీటిలో నదుల నీరు కలిసి ఉప్పదనం పడిపోతుంది. ఆ నీటిలో బతికున్న గుడ్డు కూడా మునుగుతుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో మీరు చూసుకోకుండా, గుడ్లు అమ్మినవాళ్లని తిట్టకండి. 28 డిగ్రీల దగ్గర 16–18 గంటల్లో పిల్లలొస్తాయి. మూడో రోజు నుంచి మేతగా రోటిఫర్లు (నీటిలో పెరిగే అతి చిన్న జీవులు) కావాలి, అవి ముందే పెంచుకుని ఉండకపోతే గుడ్లు కొనొద్దు.

విశాఖలో ఈ పని నేర్పేవాళ్లున్నారా?

సముద్రపు చేపలకైతే ఇక్కడే ఉన్నారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ ప్రాంతీయ కేంద్రం ఇండియన్ పాంపానో, మచ్చల గ్రూపర్ చేపల చేత తొట్లలో గుడ్లు పెట్టించింది. సముద్రంలో పంజరాల పెంపకం కూడా 2007లో విశాఖ తీరంలోనే మొదలైంది. పండుగప్పకి చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి చేపల పెంపక పరిశోధన సంస్థ, సీబా ఉంది, 1997 నుంచి వాళ్లకి ఆ చేప హ్యాచరీ అనుభవం ఉంది. మంచినీటి చేపలకైతే కాకినాడలోని మత్స్య సాంకేతిక సంస్థని అడగండి.

ఎంవీపీ కాలనీలో మేడ మీద తొట్టిలో కోయి చేపలున్నాయి. పొద్దున గుడ్లు కనిపిస్తాయి, మధ్యాహ్నానికి మాయం. పిల్లులు తింటున్నాయా?

తల్లీ తండ్రే తింటున్నాయి. సాయంత్రం తొట్టిలో విడదీసిన నైలాన్ తాడు కుచ్చులు వేలాడదీయండి, గుడ్లు వాటికి అతుక్కుంటాయి. పొద్దున గుడ్లు కనిపించగానే ఆ కుచ్చుల్ని అదే నీళ్లున్న వేరే టబ్బులోకి మార్చి, చిన్న ఏరేటర్ పెట్టి, ఎండ తగలకుండా అట్టముక్క కప్పండి. రెండు మూడు రోజుల్లో టబ్బు గోడలకి వెంట్రుక ముక్కల్లా వేలాడుతూ పిల్లలు కనిపిస్తాయి. అప్పుడు నీళ్లు మార్చేయాలని తొందరపడకండి.